రియల్ ఏల్ బాగా దొరికే పబ్బులు చెప్పండి (రెడింగ్, లండన్, రైలెక్కి వెళ్లే దూరమైనా సరే)

పాలకొల్లు_పవన్
రెడింగ్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, శుక్రవారం వచ్చిందంటే చాలు, రియల్ ఏల్ (ఇక్కడి పాతకాలం పద్ధతి బీరు) అని ఒకటే జపం. సరే చూద్దామని మొన్న మంగళవారం ఇంటి దగ్గర పబ్బులో ఆ చేత్తో పంపు లాగి పోసేది ఒక పింట్ (అర లీటరుకి కాస్త ఎక్కువ) తీసుకున్నా. గోరువెచ్చగా ఉంది, నురగ లేదు, రెండో గుక్కకే వెనిగర్ తాగినట్టు పుల్లగా తగిలింది. డబ్బులు పెట్టి కొన్నా కదా అని సగం తాగి, మిగతాది వదిలేసి వచ్చా.

అసలు సంగతి ఏంటంటే, జూన్‌లో నాన్న వస్తున్నారు. వయసులో ఉన్నప్పుడు పొద్దున్నే తోటలోకి వెళ్లి తాటికల్లు తాగిన మనిషి. సీసా బీరు ఆయనకు పడదు, గ్యాస్ పొట్టలో కూర్చుంటుంది అంటారు. ఇంగ్లండ్ వచ్చినందుకు ఒక్కసారైనా ఇక్కడి పాత పబ్బులో కూర్చోబెట్టి మంచి ఏల్ తాగించాలని నా కోరిక. ఎక్కడికి తీసుకెళ్లాలి? మొన్న నేను తాగినట్టే ఉంటుందంటే మాత్రం వద్దు.

చల్లటి_బీరు
అన్నిచోట్లా అలాగే ఉంటుంది బ్రో. పన్నెండేళ్లుగా ఇక్కడున్నా, నాలుగైదుసార్లు ప్రయత్నించి వదిలేశా. నాన్నగారికి మామూలు చల్లటి లాగర్ బీరు ఇప్పించు, గ్యాస్ కాసేపటికి పోతుంది.

లీడ్స్_స్టూడెంట్
మాస్టర్స్ చేసేటప్పుడు ఏడాదిన్నర పబ్బులో పనిచేశాను, సెల్లార్ (పీపాలు ఉంచే నేలమాళిగ) పని కూడా నేర్పారు. పవన్‌గారూ, మీరు తాగింది రియల్ ఏల్ రుచి కాదు, పాడైపోయిన పీపా రుచి.

మామూలు కెగ్ బీరులో పులియడం ఫ్యాక్టరీలోనే ఆగిపోతుంది, ఎక్కువగా వడకట్టి, గ్యాస్‌తో తోసి గ్లాసులో పోస్తారు. రియల్ ఏల్ పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పబ్బు సెల్లార్‌లోకి వచ్చాక కూడా పులుస్తూనే ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. పంపు లాగితే బీరు పైకి వస్తుంది, ఆ ఖాళీలోకి గాలి వెళ్తుంది. గాలి తగిలిందంటే ఇక లెక్క మొదలైనట్టే. మహా అయితే మూడు రోజులు, ఆ తర్వాత పులుపే.

మామూలుగా పబ్బులకు వచ్చే పీపాని ఫిర్కిన్ అంటారు, 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు. మూడు రోజుల్లో అయిపోవాలంటే రోజుకి 24 పింట్లు అమ్మాలి. జనం లేని పబ్బులో ఆరు పంపులు పెట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. మీరు వెళ్లింది మంగళవారం. శనివారం తెరిచిన పీపా అయ్యుంటుంది.

అందుకే ఏ బ్రాండ్ అని వెతకొద్దు. ఎక్కడ బాగా కదులుతోందో చూడండి. కౌంటర్లో "ఇది ఎప్పుడు తెరిచారు?" అని అడగండి, మంచి పబ్బులో ఎవరూ ఏమీ అనుకోరు. కొనే ముందు ఒక గుక్క రుచి చూపించమన్నా చూపిస్తారు. పుల్లగా ఉంటే గ్లాసు వెనక్కి ఇచ్చేయండి, మార్చి ఇస్తారు.

రెడింగ్_లక్ష్మి
పక్కనే పెట్టుకుని ఎక్కడో వెతుకుతున్నారు పవన్‌గారూ! రస్సెల్ స్ట్రీట్‌లో నాగ్స్ హెడ్ ఉంది కదా. పన్నెండు హ్యాండ్ పంపులు. పన్నెండా అని భయపడకండి, అక్కడ జనం అంత ఉంటారు, పీపాలు మారుతూనే ఉంటాయి. మా ఆయన కంటే నాకే ఆ పబ్బు ఇష్టం. ముందు అక్కడ మీరు ఒక్కరే వెళ్లి ఒక హాఫ్ (అర పింట్) తాగి చూడండి, తర్వాత నాన్నగారి సంగతి.

పాలకొల్లు_పవన్
@లీడ్స్_స్టూడెంట్ ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ. అయితే గోరువెచ్చగా ఉండటం కూడా తప్పేనా, లేక అది అంతేనా?

లీడ్స్_స్టూడెంట్
తప్పే. సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ చల్లదనం కాదు, మన మట్టికుండ నీళ్ల చల్లదనం అనుకోండి. మరీ చల్లగా ఉంటే రుచి నాలుకకు తెలియదు. గోరువెచ్చగా వచ్చిందంటే సెల్లార్ అన్నా బాగోలేదు, లేదా పంపు గొట్టంలో చాలాసేపు నిలిచిపోయిన బీరన్నా పోశారు. రోజులో మొదటి గ్లాసు ఎప్పుడూ పారబోయాలి. చాలామంది పారబోయరు.

లండన్_కాకినాడ
లండన్ వస్తే నేను మొదట చెప్పేది ది హార్ప్. చారింగ్ క్రాస్ స్టేషన్ నుంచి రెండు నిమిషాలు, చాండోస్ ప్లేస్‌లో. ట్రఫాల్గర్ స్క్వేర్ చూపించాక నాన్నగారు అలసిపోతారు కదా, అక్కడే. 2010లో కామ్రా (రియల్ ఏల్‌ను కాపాడే ఉద్యమ సంఘం) వాళ్లు దేశం మొత్తంలో ఉత్తమ పబ్బుగా ఎంపిక చేశారు. సన్నటి పొడుగు గది, గోడల నిండా పాత చిత్తరువులు, మ్యూజిక్ హోరు లేదు. సాయంత్రం ఐదు దాటితే వీధిలో నిలబడి తాగాల్సిందే, పెద్దాయన ఉన్నారు కాబట్టి మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. మేడ మీద కూర్చోవడానికి చోటుంటుంది.

రెండోది బరో స్టేషన్ దగ్గర టాబర్డ్ స్ట్రీట్‌లో రాయల్ ఓక్. లూయిస్ ఊళ్లో 1790 నుంచి ఉన్న హార్వీస్ బ్రూవరీ వాళ్ల పబ్బు అది. ససెక్స్ బెస్ట్ తాగండి, 4 శాతమే. ఆ రుచి కోసం నేను ఈస్ట్ హామ్ నుంచి రెండు రైళ్లు మారి వెళ్తాను. దగ్గర్లోనే జార్జ్ ఇన్ కూడా ఉంది, గుర్రపు బగ్గీల కాలం నాటిది, 1676లో మంటల్లో కాలిపోతే మళ్లీ కట్టారు, ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ ఆస్తి. చూడటానికి జార్జ్, తాగడానికి రాయల్ ఓక్.

పప్పుచారు_ప్రియ
ఒక మాట అందరికీ. మేం శాకాహారులం. రెండేళ్లు ఇష్టంగా తాగాక తెలిసింది నాకు, బీరు తేటపడటానికి పీపాలో ఐసింగ్లాస్ వేస్తారని, అది చేప తిత్తి నుంచి తీసిందని. ఆ రోజు ఎంత బాధపడ్డానో చెప్పలేను. నాన్నగారికి పట్టింపు ఉంటే ముందే అడగండి.

పాలకొల్లు_పవన్
నాన్నకు చేప లేని రోజు ముద్ద దిగదండీ 🙂 కానీ అమ్మ కూడా వస్తోంది, అమ్మకి మాత్రం చెప్పి తీరాలి. మంచి మాట చెప్పారు.

లీడ్స్_స్టూడెంట్
@పప్పుచారు_ప్రియ ఇప్పుడు చాలా బ్రూవరీలు అది వేయకుండానే పంపుతున్నాయి. పంపు మీది బిళ్లపై "అన్‌ఫైన్డ్" అని ఉంటుంది. కాస్త మబ్బుగా కనిపిస్తుంది, పాడైపోయిందని అనుకోకండి. బ్రిస్టల్లో మూర్ బ్రూవరీ వాళ్లు ఆ పద్ధతికి పట్టుబట్టి నిలబడ్డవాళ్లు. మాంచెస్టర్లో మార్బుల్ వాళ్లవి కూడా చూడండి. రోచ్‌డేల్ రోడ్డులో వాళ్ల మార్బుల్ ఆర్చ్ పబ్బు 1888లో కట్టింది. లోపల గోడలకీ కప్పుకీ పలకలు, నేల మొజాయిక్. ఆ నేల కౌంటర్ వైపు వాలుగా ఉంటుంది, మొదటిసారి వెళ్లినప్పుడు నాకే ఏమైనా ఎక్కిందా అనుకున్నా, అప్పటికి ఇంకా ఏమీ తాగలేదు.

పప్పుచారు_ప్రియ
మాంచెస్టర్ మాకు గంటే! ఈ శనివారమే వెళ్తాం. థాంక్యూ సో మచ్.

షెఫీల్డ్_సూరి
అందరూ లండన్ లండన్ అంటున్నారు. ఏల్ తాగాలంటే షెఫీల్డ్ రావాలి. ఇక్కడ పదిహేనేళ్ల నుంచి ఉంటున్న మనిషిగా చెప్తున్నా, పవన్ తమ్ముడూ, సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కితే రెండు గంటలు. దిగిన స్టేషన్‌లోనే షెఫీల్డ్ ట్యాప్ పబ్బు. ఒకప్పటి రిఫ్రెష్‌మెంట్ గది, ఏళ్ల తరబడి మూతపడి పాడుబడితే బాగుచేసి 2009లో తెరిచారు. పాత టైల్స్, ఎత్తైన కప్పు, పక్క హాల్లోనే బీరు కాస్తారు, అద్దాల్లోంచి గంగాళాలు కనిపిస్తాయి.

అక్కడి నుంచి కెల్హమ్ ఐలాండ్ వైపు నడవండి. ఒకప్పటి ఉక్కు ఫ్యాక్టరీల పేట. ది ఫ్యాట్ క్యాట్ 1981 నుంచి ఉంది, అప్పట్లో ఊరంతా పెద్ద కంపెనీల పబ్బులే ఉంటే ఇది స్వతంత్రంగా మొదలై, పెరట్లో సొంత బ్రూవరీ కూడా పెట్టింది. వాళ్ల పేల్ రైడర్ 2004లో బ్రిటన్ చాంపియన్ బీరు. ఆ బ్రూవరీ 2022లో మూతపడింది. ఆ వార్త విన్నరోజు మా ఊళ్లో చాలామందికి ఇంట్లో మనిషి పోయినట్టు అయింది. థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీ వాళ్లు ఆ తయారీ పద్ధతి తీసుకుని కాస్తున్నారు కాబట్టి రుచి అయితే మిగిలింది. నాలుగడుగులు వేస్తే కెల్హమ్ ఐలాండ్ టావెర్న్, 2008లోనూ 2009లోనూ వరసగా దేశంలో ఉత్తమ పబ్బు. వెనక చిన్న తోట ఉంది, నాన్నగారిని అక్కడ కూర్చోబెట్టు.

జైపూర్ అనే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) ఉంటే తప్పకుండా రుచి చూపించు, థార్న్‌బ్రిడ్జ్ వాళ్లదే, 2005 నుంచి చేస్తున్నారు. కానీ 5.9 శాతం, హాఫ్ చాలు.

చల్లటి_బీరు
ఐపీఏ మన ఇండియాకి పంపడం కోసమే కనిపెట్టారు కదా? దాని మీద మనకు రాయల్టీ రావాలి.

ట్రెంట్_గట్టు
@చల్లటి_బీరు కనిపెట్టారనడం సరికాదు. పేల్ ఏల్ అప్పటికే ఉంది. లండన్ బో ప్రాంతంలో హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి ఓడల్లో ఇండియాకి వెళ్లేది, ఆ ప్రయాణంలో బాగా మాగి రుచి తేలిందని పేరొచ్చింది. నల్లటి పోర్టర్ కూడా ఓడలకెక్కింది, అది సైనికుల తాగుడు. 1820ల్లో మా బర్టన్ అపాన్ ట్రెంట్ బ్రూవరీలు ఆ వ్యాపారంలోకి దిగాక హాడ్జ్‌సన్ వెనకబడ్డాడు. కారణం నీళ్లు. బర్టన్ బావుల్లో జిప్సం ఎక్కువ, ఆ నీళ్లతో కాస్తే లేతరంగు బీరు తేటగా, హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) చేదు పదునుగా వస్తుంది. ఇప్పటికీ ప్రపంచంలో ఐపీఏ చేసేవాళ్లు చాలామంది నీళ్లలో ఆ లవణాలు కలిపి బర్టన్ నీళ్లలా మార్చుకుంటారు.

ఆ ఊళ్లో కూపర్స్ టావెర్న్ అని ఉంది. అక్కడ పంపు కాదు, పీపా కుళాయి తిప్పి నేరుగా గ్లాసులో పోస్తారు. పోసేది బాస్ అనే ఏల్, దాని గుర్తు ఎర్ర త్రికోణం, బ్రిటన్‌లో మొట్టమొదట నమోదైన ట్రేడ్‌మార్క్ అదే. పవన్‌గారి నాన్నగారు కల్లు మనిషి అన్నారు కదా, కుండలోంచి ముంతలోకి వంచుకున్నట్టే ఉంటుంది, ఆయనకు అదే నచ్చుతుందని నా నమ్మకం.

ఓరుగల్లు_రాజు
ట్రెంట్ అన్న చెప్పిన కల్లు పోలిక నూటికి నూరుపాళ్లు నిజం. మా ఊర్ల పొద్దున దించిన లొట్టి తియ్యగుంటది, పొద్దుగూకే సరికి పుల్లగయితది. ఎవరూ దాన్ని తప్పు అనరు, ఏ వేళకు తాగాల్నో తెలిసినోడే తాగుతడు. ఏల్ కూడా అంతే. చల్లటి బీరు అన్నా, నువ్వు నాలుగైదుసార్లు తాగింది సాయంత్రం కల్లు.

నేను బర్మింగ్‌హామ్‌లో ఉంట. ఇటు వస్తే బ్రియర్లీ హిల్‌లో ది వైన్ అని ఉంది, ఇక్కడోళ్లు బుల్ అండ్ బ్లాడర్ అంటరు. బాథమ్స్ బ్రూవరీ పక్కనే, వాళ్ల బెస్ట్ బిట్టర్ 4.3 శాతం, కొంచెం తియ్యదనం మీద పోతది. అది తాగినంక వేరేది తాగబుద్ధి కాదు.

తినడానికైతే వెస్ట్ బ్రామిచ్ దేశీ పబ్బులు. అక్కడ కూడా ది వైన్ అనే పేరుతోనే ఇంకోటి ఉంది, లోపలే బొగ్గుల మీద కబాబులు కాలుస్తరు. స్టఫ్ విషయంల మనకు ఇంక వేరే ఏం కావాలె. ఈ దేశీ పబ్బుల వెనక కథ తెలుసుకోవాలె అందరు. 1960లల్ల స్మెతిక్ పబ్బులల్ల మనోళ్లని లోపలికి రానిచ్చేటోళ్లు కాదు, లేకపోతే వేరే గదిల కూర్చోమనేటోళ్లు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ కొట్లాడింది. 1965 ఫిబ్రవరిల అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ స్మెతిక్ వచ్చి చూసి పోయిండు, తొమ్మిది రోజులకే అక్కడ అమెరికాల ఆయన్ని చంపిండ్రు. తర్వాత మెల్లమెల్లగ పంజాబీ కార్మికులు అవే పబ్బులను కొని నడిపిండ్రు. నేను అక్కడ కూర్చున్నప్పుడల్లా ఇదే గుర్తొస్తది, గ్లాసు చేతిల ఉంటే మనసు బరువైతది, సంతోషం కూడా అయితది.

రెడింగ్_లక్ష్మి
రాజుగారూ, ఈ సంగతి నాకు తెలియదు. మా పిల్లలకు చదివి వినిపించాను.

షెఫీల్డ్_సూరి
మంచి పోస్టు రాజు అన్నా.
అన్నట్టు తమ్ముడూ, నార్త్‌లో పంపు మూతికి చిల్లుల బిళ్ల ఒకటి బిగిస్తారు, స్పార్క్లర్ అంటారు. దాని వల్ల పైన మీగడలాంటి నురగ వస్తుంది. నురగ లేదని బాధపడ్డావు కదా, మా వైపు ఆ బాధ లేదు.

లండన్_కాకినాడ
ఆ నురగ కోసం రుచి పోగొట్టుకుంటారు. బీరులో ఉన్న కాస్త గ్యాసూ, హాప్స్ వాసనా ఆ చిల్లుల్లోనే పోతాయి. సౌత్‌లో స్పార్క్లర్ లేకుండా పోస్తారు, అదే సరైన పద్ధతి.

షెఫీల్డ్_సూరి
యార్క్‌షైర్ బీరు ఆ బిళ్లతో పోయడానికే తయారు చేస్తారు సార్. టిమోతీ టేలర్స్ లాండ్‌లార్డ్ ఒకసారి మా వైపు తాగి, ఒకసారి మీ వైపు తాగి చెప్పండి.

లీడ్స్_స్టూడెంట్
ఈ గొడవ మా పబ్బులో వారానికోసారి జరిగేది. ఎవరికి కావాలంటే వాళ్లకి తీసి పోస్తారు, అడిగితే చాలు. నా వరకు లాండ్‌లార్డ్‌కి బిళ్ల ఉండాలి, లేత గోల్డెన్ ఏల్స్‌కి వద్దు.

చల్లటి_బీరు
ఇంత చెప్తున్నారు కాబట్టి ఒక ప్రశ్న. ఇక్కడివాళ్లకు అంత ఇష్టమైతే మరి ఈ ఏల్ మధ్యలో ఎందుకు పోబోయింది? ఏదో ఉద్యమం అంటారు కదా.

ట్రెంట్_గట్టు
1960లు, 70లలో పెద్ద కంపెనీలు చిన్న బ్రూవరీలను కొనేసి మూసేశాయి. సెల్లార్‌లో సంరక్షణ అక్కర్లేని కెగ్ బీరు వాళ్లకు సులువు, లాభం. సొంతంగా బీరు కాచే పబ్బులు దేశం మొత్తం మీద నాలుగు మిగిలాయి అప్పటికి, హెల్‌స్టన్‌లో బ్లూ యాంకర్ వాటిలో ఒకటి, ఇప్పటికీ ఉంది. 1971లో ఐర్లండ్ సెలవులకు వెళ్లిన నలుగురు స్నేహితులు ఒక బార్లో కూర్చుని ఇలా అయితే లాభం లేదని మొదలుపెట్టిందే కామ్రా. వాళ్లు ఏటా వేసే గుడ్ బీర్ గైడ్ నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. కొత్త ఊరు వెళ్తే గుడి ఎక్కడ, గైడ్‌లో ఉన్న పబ్బు ఎక్కడ, ఈ రెండే చూస్తా.

రెడింగ్_లక్ష్మి
ఎక్కడికి వెళ్లినా కారు వద్దు. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ అయినా రెండు పింట్లకే లెక్క తప్పొచ్చు, స్కాట్లండ్‌లో అయితే 50కి తగ్గించారు. రైలే మేలు.

పాలకొల్లు_పవన్
అప్‌డేట్. ముందు నేనొక్కడినే నాగ్స్ హెడ్‌కి వెళ్లా లక్ష్మిగారూ. అదే రియల్ ఏల్, మొత్తం వేరే పానీయం! తేనె రంగు, నారింజ తొక్క వాసన, చివర్లో కాకరకాయంత కాదు కానీ మెంతులంత చేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు గంటసేపు చెప్పా.

నాన్న వచ్చి మూడు వారాలైంది. మొదట్లో అమ్మ "పబ్బా, అక్కడ డాన్సులు వేస్తారు కదరా" అంది. టీవీలో హైదరాబాద్ పబ్బుల వార్తలు చూసి అదే అనుకుంది. హార్ప్‌కి తీసుకెళ్లాం, మూడింటికే. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన పేపర్ చదువుకుంటూ, కాళ్ల దగ్గర కుక్క నిద్రపోతూ. అమ్మ ఆరెంజ్ జ్యూస్ తీసుకుని "ఇది మన ఊరి కాఫీ హోటల్ లాగుందే" అని స్థిమితంగా కూర్చుంది.

నాన్న గ్లాసు చేతిలోకి తీసుకుని తాగలేదు. ముందు వెలుతురుకి పెట్టి చూశారు, వాసన చూశారు. తర్వాత నన్ను అడిగారు, "ఇది ఎప్పుడు దించారో కనుక్కో" అని. నేను ఈ చర్చ గురించి ఆయనకు ఒక్క ముక్క చెప్పలేదు, ఒట్టు. కౌంటర్లో అమ్మాయిని అడిగితే ఆ రోజు పొద్దున్నే తెరిచామని చెప్పింది. ఆ మాట చెప్పాకే మొదటి గుక్క వేశారు. పింట్ మొత్తం నలభై నిమిషాలు తాగారు. గ్యాస్ పట్టలేదన్నారు. మళ్లీ ఎప్పుడు అన్నారు.

ఓరుగల్లు_రాజు
"ఎప్పుడు దించారు" 🙏 నీ పోస్టు చదువుతుంటే మా తాత యాదికొచ్చిండు అన్నా.

లీడ్స్_స్టూడెంట్
మా పబ్బు మేనేజర్‌కి ఇది ఇంగ్లిష్‌లో చెప్పి పంపాను. మీ నాన్నగారిని సెల్లార్ చూడటానికి రమ్మన్నాడు. లీడ్స్ వస్తే చెప్పండి, పక్క సందులోనే విట్‌లాక్స్ కూడా ఉంది, 1715 నాటి పబ్బు.

చల్లటి_బీరు
సరే. నేనుండేది స్లౌ, నాగ్స్ హెడ్ మరీ దూరం కాదు. గురువారం వెళ్తా. ఏం తీసుకోమంటారు?

రెడింగ్_లక్ష్మి
పేరు చూడకండి. కౌంటర్లో ఉన్నవాళ్లని, ఇవాళ తెరిచింది ఏదైతే అది, లేత రంగుది అడగండి. హాఫ్ తీసుకోండి.

పాలకొల్లు_పవన్
నాన్న ఆగస్టు నెలాఖరు దాకా ఉంటారు. షెఫీల్డ్, బర్టన్ రెండూ అవుతాయా? ఒకరోజులో కష్టమేమో.

ట్రెంట్_గట్టు
రెండు వేర్వేరు శనివారాలు పెట్టుకోండి. బర్టన్ వచ్చేటప్పుడు డెర్బీలో దిగండి, స్టేషన్ దగ్గర్లోనే బ్రన్స్‌విక్ ఇన్, రైల్వే వాళ్ల కోసం 1840లలో కట్టింది, వెనకాల సొంత బ్రూవరీ ఉంది. అక్కడ ఒక హాఫ్ అయ్యాక నేనే బర్టన్‌కి రైలెక్కిస్తా. ఏ శనివారమో చెప్పండి.

పాలకొల్లు_పవన్
వచ్చే శనివారం. పన్నెండింటికల్లా డెర్బీలో ఉంటాం, ముగ్గురం.

ఓరుగల్లు_రాజు
నలుగురు. నేను కూడా వస్తున్న.